అతుకుల బొంతకు మొదటి బ్లాక్: చదరాలు, త్రిభుజాలు, ఆ పావు అంగుళం

నా మొట్టమొదటి బ్లాక్ (చిన్న ముక్కలు అతికి చేసే చదరం, ఇలాంటివి కలిపితేనే బొంత) తొమ్మిదిన్నర అంగుళాలు రావాలి, తొమ్మిదింపావు వచ్చింది. ముక్కలు సరిగ్గానే కోశాను, కుట్లు చూడ్డానికి తిన్నగానే ఉన్నాయి, మరి ఆ పావు అంగుళం ఎక్కడికి పోయిందో అర్థం కాక ఇస్త్రీ పెట్టెతో నాలుగు వైపులా లాగి సాగదీయాలని చూశాను. దాంతో కొలత రాలేదు సరికదా, అప్పటిదాకా చదరంగా ఉన్నది కాస్తా గాలిపటంలా తయారైంది.

తర్వాత లెక్క వేస్తే తెలిసింది. నా కుట్టు ఉండాల్సిన చోటికంటే అంగుళంలో పదహారో వంతు లోపలికి పడుతోంది. పదహారో వంతు అంటే కంటికి కూడా ఆనదు. కానీ ఒక్కో కుట్టు రెండు ముక్కలను కలుపుతుంది కాబట్టి రెండింటి నుంచీ అంతంత పోతుంది, అంటే కుట్టుకి ఎనిమిదో వంతు. వరుసకి మూడు ముక్కలుంటే రెండు కుట్లు, రెండు ఎనిమిదో వంతులు కలిస్తే పావు. అంతే, లెక్క సరిపోయింది.

అందుకే ఇందులో కుట్టుపని గురించి కన్నా కొలతలు, ఇస్త్రీ గురించే ఎక్కువ చెబుతాను. తిన్నగా గీత మీద మిషన్ తొక్కడం వస్తే చాలు, కుట్టు అంతకు మించి లేదు. ఇక్కడ మనం చేయబోయేది ఫ్రెండ్‌షిప్ స్టార్ అనే నక్షత్రం బ్లాక్. తొమ్మిది గళ్లు, అందులో ఐదు మామూలు చదరాలు, నాలుగు రెండేసి త్రిభుజాలతో చేసినవి. చదరాలు, త్రిభుజాలు రెండూ చేతికి అలవాటవ్వడానికి దీన్ని మించినది నాకు తెలియదు.

ముందు గుడ్డ సంగతి

నూలు గుడ్డ తీసుకోండి, సాగనిది, మరీ పల్చగా లేనిది. జారిపోయే సిల్కు, సాగే టీషర్టు గుడ్డ తర్వాతెప్పుడైనా చూసుకోవచ్చు. మొదటి బ్లాక్‌కి రెండే రంగులు చాలు, ఒకటి బాగా ముదురు, ఒకటి బాగా లేత. రెండూ మధ్యస్థంగా ఉంటే ఎంత కష్టపడి కుట్టినా నక్షత్రం కనబడదు. అనుమానం ఉంటే రెండు గుడ్డలూ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ జత వద్దు.

ముందే తడిపి ఆరేస్తే అన్నీ తడిపి ఆరేయండి, లేకపోతే ఏదీ తడపొద్దు. ఒకటి కుంచించుకుపోయి ఇంకొకటి పోకపోతే మొదటి ఉతుకులోనే బొంత ముడతలు పడుతుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం ఉంటే మాత్రం తడిపి చూడటమే మంచిది, రంగు దిగితే పక్కనున్న తెల్ల గుడ్డకి పట్టుకుంటుంది. ఆరాక కొంచెం గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలబడుతుంది, త్రిభుజాల దగ్గర ఆ తేడా మీకే తెలుస్తుంది. గంజి పెట్టేది కోయడానికి ముందే, కోశాక కాదు.

ఇప్పుడు చిన్న పని ఒకటి చేయండి. ఒక పనికిరాని ముక్క తీసుకుని పొడవు దారం వెంట, అంటే పడుగు వెంట లాగండి. దాదాపు కదలదు. అడ్డంగా, పేక వెంట లాగండి, కొద్దిగా సాగుతుంది. ఇక ఐమూలగా, మూల నుంచి మూలకి లాగండి, రబ్బరులా సాగి, వదిలేశాక కూడా వంకరగానే ఉండిపోతుంది. త్రిభుజాలతో వచ్చే కష్టమంతా ఇదే. చదరాన్ని మూల నుంచి మూలకి కోయగానే ఆ పొడుగు అంచు మొత్తం ఐమూల అంచు అయిపోతుంది. దాన్ని చేత్తో పట్టుకుంటే సాగుతుంది, కుడితే సాగుతుంది, ఇస్త్రీ చేస్తే ఇంకా సాగుతుంది. కాబట్టి ముందు కుట్టి, తర్వాత కోసే పద్ధతి వాడదాం.

సామాన్లు

కుట్టు మిషన్, గుండుసూదులు, ఇస్త్రీ పెట్టె, పెన్సిల్, కుట్లు విప్పడానికి సీమ్ రిప్పర్ (ఇది కచ్చితంగా కావాలి, మొహమాటపడకండి). రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడుని దొర్లిస్తూ గుడ్డ కోసేది), దాని కింద వేసే మ్యాట్, గళ్లు గీసిన పారదర్శకమైన అక్రిలిక్ స్కేలు ఉంటే పని సగం అవుతుంది. కట్టర్ వాడేటప్పుడు బ్లేడును ఒంటికి దూరంగా పోయేలా తోయండి, స్కేలు మీద వేళ్లు అంచు దాటకుండా చూసుకోండి, కింద పెట్టిన ప్రతిసారీ బ్లేడు మూసేయండి. అది గుడ్డ నాలుగు మడతలని ఎంత సులువుగా కోస్తుందో వేలిని కూడా అంతే సులువుగా కోస్తుంది.

కట్టర్ లేకపోతే పని ఆగదు. మందపాటి అట్ట మీద 3½ అంగుళాల చదరం ఒకటి, 4 అంగుళాల చదరం ఒకటి కచ్చితంగా గీసి కత్తిరించుకుని, గుడ్డ తిరగవైపు వాటి చుట్టూ సన్నటి పెన్సిల్‌తో గీసి, గీత లోపలి అంచు మీద కత్తెర పోనివ్వండి. ఇరవై ముప్పై సార్లు గీశాక అట్ట మూలలు అరిగిపోతాయి, అప్పుడు కొత్తది చేసుకోండి.

దారం సన్నటి నూలు దారం, 50 నంబరుది. లావు దారం కుట్టులో చోటు తినేస్తుంది. సూది 80/12 సరిపోతుంది, కొత్తది వేసుకోండి. కుట్టు పొడవు 2 నుంచి 2.2 మిల్లీమీటర్లు. ఇంత చిన్నగా ఎందుకంటే చివర్లలో వెనక్కి కుట్టి ముడి వేయం, ప్రతి కుట్టు చివరనీ తర్వాత ఇంకో కుట్టు దాటుతుంది, అదే దాన్ని పట్టి ఉంచుతుంది.

పావు అంగుళం పరీక్ష

దయచేసి దీన్ని దాటేయకండి. నేను దాటేసే పావు అంగుళం పోగొట్టుకున్నాను.

ఈ పనిలో కుట్టు మార్జిన్, అంటే గుడ్డ అంచుకీ కుట్టుకీ మధ్య వదిలే దూరం, ఎప్పుడూ పావు అంగుళమే. చిత్రమేమిటంటే సరిగ్గా పావు అంగుళం కుడితే కొలత తగ్గుతుంది. కుట్టు దగ్గర గుడ్డ మడత తిరుగుతుంది కదా, ఆ మడత, దారం మందం కలిసి ఒకటి రెండు పోగులంత చోటు తీసుకుంటాయి. అందుకని పావుకి ఒక పోగు తక్కువగా కుట్టాలి. ఎంత తక్కువ అనేది మీ గుడ్డని, దారాన్ని, మిషన్‌ని బట్టి మారుతుంది, కాబట్టి పరీక్ష చేయాల్సిందే.

1½ అంగుళం వెడల్పు, ఒక జానెడు పొడవు ఉన్న పట్టీలు మూడు కోయండి. పక్కపక్కన కుట్టండి. రెండు కుట్లనీ బయటివైపుకి పడేలా ఇస్త్రీ చేయండి. ఇప్పుడు మధ్య పట్టీ వెడల్పు కొలవండి. సరిగ్గా 1 అంగుళం ఉండాలి, మూడూ కలిపి 3½ రావాలి. మధ్య పట్టీ అంగుళం కంటే సన్నగా ఉంటే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నారు, వెడల్పుగా ఉంటే తక్కువ తీసుకుంటున్నారు. వెంట్రుకవాసి జరిపి మళ్లీ కుట్టండి. నాకు మూడోసారికి కుదిరింది. కుదిరిన చోట మిషన్ పళ్లెం మీద గుడ్డ అంచు పోయే దారి పక్కనే మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు అంటించండి. చిన్న గోడలా నిలబడుతుంది, గుడ్డ దాన్ని ఆనుకుని పోతే చాలు, చూపు సూది మీద పెట్టక్కర్లేదు. మిషన్‌కి బిగించే పావు అంగుళం పాదం అని విడిగా దొరుకుతుంది, ఉంటే మంచిదే కానీ అది ఉన్నా ఈ పరీక్ష తప్పదు.

ఇంకొక్క మాట. కొలతలన్నీ అంగుళాల్లోనే ఉంచుకోండి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు, సెంటీమీటర్లలోకి మార్చి సగం అక్కడా సగం ఇక్కడా కొలిస్తే ఏదీ దేనికీ అతకదు.

కోయాల్సినవి

మన బ్లాక్ కుట్టడం పూర్తయ్యాక, బొంతలో కలిశాక 9 అంగుళాలు. అంటే ఒక్కో గడి 3 అంగుళాలు. చదరానికి లెక్క సులువు, పూర్తి కొలతకి అర అంగుళం కలపాలి, నాలుగు పక్కలా పావు పావు. 3 అంగుళాలకి 3½.

సగం త్రిభుజాల గడికి (రెండు త్రిభుజాలు ఐమూల కుట్టు మీద కలిసి ఒక చదరం అయ్యేది) అసలు లెక్క పూర్తి కొలతకి ⅞ అంగుళం కలపమంటుంది. అంటే 3⅞. నేను అది పాటించను. ఒక అంగుళం కలిపి 4 అంగుళాల చదరాలు కోసి, కుట్టాక 3½కి చక్కదిద్దుకుంటాను. కొంచెం గుడ్డ వృథా అవుతుంది, నిజమే. కానీ కచ్చితంగా కోసి కచ్చితంగా కుట్టి కచ్చితంగా ఇస్త్రీ చేస్తేనే ⅞ లెక్క పనిచేస్తుంది, మొదట్లో ఆ మూడూ ఒకేసారి ఎవరికీ కుదరవు.

లేత గుడ్డలో: 3½ చదరాలు నాలుగు, 4 చదరాలు రెండు.
ముదురు గుడ్డలో: 3½ చదరం ఒకటి, 4 చదరాలు రెండు.

కోసే ముందు గుడ్డ ఒక అంచు తిన్నగా చేసుకోండి. మడత పెట్టి పట్టీలు కోస్తుంటే మడతకి సరిగ్గా అడ్డంగా, లంబంగా కోయండి, లేకపోతే విప్పాక పట్టీ మధ్యలో విల్లులా వంగి ఉంటుంది. నేతలో వచ్చే గట్టి అంచు కోసి పక్కన పడేయండి, అది మిగతా గుడ్డలా సాగదు, కుంచించుకోదు.

త్రిభుజాలు

ఒక లేత 4 చదరం, ఒక ముదురు 4 చదరం తీసుకుని మంచివైపులు లోపలికి వచ్చేలా ఒకదాని మీద ఒకటి పెట్టండి. పైనున్న లేత ముక్క తిరగవైపు మూల నుంచి మూలకి పెన్సిల్‌తో ఒక గీత. ఈ గీత కోయడానికి, కుట్టడానికి కాదు. రెండు గుండుసూదులు గుచ్చి, గీతకి ఇటు పావు అంగుళం దూరంలో ఒక కుట్టు, అటు పావు అంగుళం దూరంలో ఇంకో కుట్టు వేయండి.

మూల మీద కుట్టు మొదలుపెడితే మిషన్ గుడ్డని కిందకి లాగేసి నమిలేస్తుంది. అందుకే ముందు ఒక చిన్న పనికిరాని ముక్క మీద నాలుగు కుట్లు వేసి, దారం తెంచకుండా మన ముక్కని దాని వెనకే పెట్టి పోనివ్వండి. రెండో జత చదరాలని కూడా మొదటిదాని వెనకే, దారం తెంచకుండా. ఇలా గొలుసులా కుట్టుకుంటూ పోయి, మలుపు తిప్పి రెండో వైపు కూడా అలాగే కుట్టి, చివర్లో అన్నీ విడదీయండి. పది బ్లాకులు కుట్టేటప్పుడు ఈ గొలుసు పద్ధతి విలువ తెలుస్తుంది.

ఇప్పుడు విప్పకుండానే, ఉన్నదున్నట్టు, కుట్టు మీద ఒకసారి ఇస్త్రీ పెట్టె ఆనించి తీయండి, కుట్టు గుడ్డలో కూర్చుంటుంది. తర్వాత గీత మీద కోయండి. ఒక్కో జతకి రెండు గడులు, మొత్తం నాలుగు. ముదురు వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, పై త్రిభుజాన్ని వేలితో వెనక్కి తిప్పి, కుట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె దించండి, ఎత్తండి, పక్కకి దించండి. రుద్దొద్దు. బట్టలు ఇస్త్రీ చేసే అలవాటుతో చెయ్యి దానంతటదే ముందుకీ వెనక్కీ పోతుంది, అక్కడే గడి వంకరపోతుంది. ఆవిరి కూడా ఆపేయండి, తడి తగిలితే ఐమూల కుట్టు ఇంకా సాగుతుంది. ఇలా చేస్తే లోపలి మార్జిన్ ముదురు గుడ్డ కిందకి పోతుంది, లేత గుడ్డలోంచి నీడలా కనబడదు.

చల్లారాక కొలవండి, సుమారు 3⅝ ఉంటుంది. స్కేలు మీద 45 డిగ్రీల గీతని సరిగ్గా ఐమూల కుట్టు మీద పెట్టి, నాలుగు వైపులా 3½ కంటే కొంచెం గుడ్డ మిగిలేలా సర్దుకోండి. కుడివైపు, పైవైపు కోయండి. గడిని తిప్పి, కోసిన రెండు అంచులని 3½ గీతల మీద పెట్టి, మళ్లీ 45 గీత కుట్టు మీద ఉందో లేదో చూసి మిగతా రెండూ కోయండి. మూలల్లో కుక్క చెవుల్లా పొడుచుకొచ్చినవి కూడా పోతాయి. ఈ పని విసుగే, కానీ కుట్టు కచ్చితంగా మూలలోంచి మూలలోకి పోతేనే నక్షత్రం మొన తెగకుండా వస్తుంది.

పరచడం

తొమ్మిది ముక్కలనీ బల్ల మీద పరచండి. నాలుగు మూలల్లో లేత చదరాలు, మధ్యలో ముదురు చదరం. త్రిభుజాల గడుల్లో పైదాన్ని ముందు పెట్టండి, దాని ముదురు సగం కింద అంచునీ ఎడమ అంచునీ ఆక్రమించాలి. కుడి గడి ఎడమ అంచు, పై అంచు. కింది గడి పై అంచు, కుడి అంచు. ఎడమ గడి కుడి అంచు, కింది అంచు. అంటే ఒక్కోటి ముందుదాని కంటే పావు మలుపు తిరిగినట్టు, ప్రతి గడి ముదురు వైపూ మధ్య చదరాన్ని ఆనుకుని ఉంటుంది. గాలి గిరక తిరుగుతున్నట్టు కనిపించాలి. ఫొటో తీసి పెట్టుకోండి. మిషన్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఒక గడి తిరగబడకపోతే అడగండి, నాకు ఇప్పటికీ జరుగుతుంది.

కలపడం

అడ్డ వరుసలుగా కుట్టండి, వరుసకి రెండు కుట్లు. పై వరుసలో, కింది వరుసలో కుట్టు మార్జిన్లని బయటివైపుకి, అంటే మూల చదరాల వైపుకి ఇస్త్రీ చేయండి. మధ్య వరుసలో లోపలికి, మధ్య చదరం వైపుకి. పై వరుసలో ఒక చోట ముదురు మార్జిన్ లేత చదరం కిందకి పోతుంది, కింది వరుసలోనూ అలాగే ఒక చోట. అక్కడ మాత్రం ముదురు గుడ్డ మార్జిన్‌ని కత్తెరతో ఒక పిసరు తగ్గించండి, లేత మార్జిన్ దాన్ని దాటి ఉంటే పైకి కనబడదు.

ఇలా వరుస మార్చి వరుస ఎదురెదురు దిక్కుల్లో ఎందుకు పడుకోబెట్టామంటే, రెండు వరుసలని మంచివైపులు కలిపి పట్టుకున్నప్పుడు కుట్టు దగ్గర ఒక మార్జిన్ ఇటు, ఒక మార్జిన్ అటు ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కొద్దిగా జరిపితే ఒకదాని గట్టు ఇంకోదాని గట్టుకి తగిలి ఆగిపోతుంది. ఆ ఆగడం వేళ్లకి తెలుస్తుంది, కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అక్కడే గుండుసూది గుచ్చండి. రెండూ ఒకే దిక్కులో ఉంటే ఆ గట్టు దొరకదు, మూలలు కలవవు.

వరుసలు కుట్టేటప్పుడు ఐమూల కుట్టు వచ్చి కలిసే చోట వెనకవైపు ఇంటూ గుర్తులాంటిది కనిపిస్తుంది. సూది ఆ ఇంటూ మధ్యలోంచి, లేదా అంచు వైపుకి ఒక్క పోగు దూరంగా పోవాలి. దానికంటే లోపలికి పోతే మొన తెగుతుంది. అక్కడ మీ టేపు గోడకీ ఇంటూకీ మధ్య ఒక పోగు తేడా వస్తే ఇంటూ మాటే వినండి. గుండుసూది దగ్గరికి వచ్చాక తీసేయండి, దాని మీద కుడితే సూది విరుగుతుంది.

మొత్తం బ్లాక్ 9½ రావాలి. అంచున ఉన్న నాలుగు మొనలనీ చూడండి. మొన అంచుదాకా పోకూడదు, ఎందుకంటే పక్క బ్లాక్‌తో కుట్టేటప్పుడు అంచు పావు అంగుళం లోపలికి పోతుంది. ఐమూల కుట్టు, పక్క కుట్టు కలిసే చోటు అంచుకి పావు అంగుళం లోపల ఉంటే, మొన కుట్టు గీత మీద ఆగుతుంది. అలా లేకపోతే ఆ కుట్టొక్కటీ విప్పి మళ్లీ వేయండి. సీమ్ రిప్పర్‌తో ఒక వైపు ప్రతి మూడో నాలుగో కుట్టు తెంచి, రెండో వైపు దారం లాగితే మొత్తం ఊడి వస్తుంది. రెండు ముక్కలూ పట్టుకుని చింపినట్టు లాగొద్దు, మళ్లీ సాగదీసినట్టే.

ఇదే చేత్తో ఇంకేం కుట్టొచ్చు

నాలుగు సగం త్రిభుజాల గడులు చాలు, గాలి గిరక బ్లాక్ అయిపోతుంది. మధ్యలో ఎనిమిది మొనలు ఒకే చోట కలుస్తాయి, అక్కడ గుడ్డ గుట్టలా లేస్తుంది. మధ్యలో మార్జిన్‌లోని రెండు మూడు కుట్లు విప్పి, మార్జిన్లన్నీ చక్రంలా ఒకే దిక్కుకి తిప్పి పడుకోబెడితే చదునవుతుంది.

నాలుగు త్రిభుజాలతో ఇసుక గడియారంలా ఉండే గడి కావాలంటే పూర్తి కొలతకి 1½ కలిపి కోయండి, 3కి 4½. పైన చెప్పినట్టే సగం త్రిభుజాల గడులు చేసి, చక్కదిద్దకుండా, రెండింటిని ముదురు లేత ఎదురెదురుగా, కుట్లు ఒకదాన్నొకటి తగిలేలా పెట్టి, మొదటి కుట్టుకి అడ్డంగా ఐమూల గీత గీసి, మళ్లీ అటూ ఇటూ కుట్టి కోయాలి. 3½కి చక్కదిద్దేటప్పుడు మధ్య బిందువు అన్ని వైపుల నుంచీ 1¾ దగ్గర ఉండాలి. అలాంటివి నాలుగు, మామూలు చదరాలు ఐదు కలిస్తే ఒహాయో స్టార్.

ఎగిరే బాతుల్లాంటి పొడుగు గడికి మాత్రం త్రిభుజాలు అసలు కోయక్కర్లేదు. 3½ బై 6½ ముదురు ముక్క ఒకటి, 3½ లేత చదరాలు రెండు. చదరాన్ని మంచివైపులు కలిసేలా ఒక చివర పెట్టి, దాని తిరగవైపు ఐమూలగా గీత గీసి, ఆ గీతకి ఒక పోగు మూలవైపుకి జరిపి కుట్టి, పావు అంగుళం వదిలి మిగతా మూల కోసేసి, తిప్పి ఇస్త్రీ చేయండి. రెండో చివర కూడా అంతే, గీత ఈసారి ఎదురు దిక్కులో. మొనపైన పావు అంగుళం గుడ్డ మిగిలిందా, సరిగ్గా వచ్చినట్టే.

బ్లాకులన్నీ కుట్టాక, బొంతగా కలపడానికి ముందు ప్రతిదాన్నీ ఒకసారి కొలిచి కుప్పలుగా పెట్టుకోండి. ఎనిమిదో వంతు లోపు తేడా ఉన్నవి కలిపేటప్పుడు సర్దుకుంటాయి, పెద్దది కింద, చిన్నది పైన పెట్టి కుట్టండి, మిషన్ పళ్లు కింది గుడ్డని కొద్దిగా ఎక్కువ లాక్కుంటాయి. అంతకు మించి తేడా ఉన్నదాన్ని అంచు కోసి సరిచేయకండి, మొనలు పోతాయి. విప్పండి, లేదా ఆ ఒక్కదాన్నీ దిండు గలీబుకి వాడేయండి, నా తొమ్మిదింపావు బ్లాక్ ఇప్పుడు ఉన్నది అక్కడే.